కొండదారిలో కడపటి మనిషి



అలిపిరి పాదాలమండపము దాటి తిరుమల మెట్ల నెక్కువారిని వేకువజామున కొంతసేపు నిలిచి చూచినచో, ఈ దేశమున కొండ నెక్కుట ఎన్నడును బలవంతుల సొత్తు కాలేదని తెలిసిపోవును. చంటిబిడ్డను చంక నెత్తుకొన్న తల్లి, ప్రతి మెట్టునకును పసుపు కుంకుమ లద్దుచు వంగి లేచుచు సాగు ముత్తైదువ, మోకాళ్ళ నొప్పితో పది మెట్ల కొకసారి చతికిలబడు వృద్ధుడు, పందెములు కట్టుకొని పరుగెత్తు కళాశాల విద్యార్థులు, తోడబుట్టినవాని భుజము పట్టుకొని గోవిందనామము చెప్పుకొనుచు ఎక్కు అంధుడు, వీరందరును 3,550 మెట్లు గల ఆ త్రోవనే, సుమారు 9 కిలోమీటర్ల ఆ నడకనే, ఎవరి శక్తికి తగిన కాలములో వారు ముగింతురు. వెనుకబడినవానిని చూచి అక్కడ ఎవ్వరును నవ్వరు. ముందు చేరినవానికి అక్కడ ఎవ్వరును బహుమానమియ్యరు. కాని ఆ గుంపునకు నాయకుడు లేడు. దారియే వారికి నాయకత్వము వహించుచున్నది. చదునైన రాతిమెట్లు, ఎండవానల కడ్డముగా పైకప్పు, నడుమనడుమ మంచినీటి కుళాయిలు, మరుగుదొడ్లు, దీపములు, కూర్చుండుటకు అరుగులు, పిలిచిన పలుకు మనుష్యులు, ఇవన్నియు తరతరములుగా రాజులును, భక్తులును, దేవస్థానమువారును సమకూర్చినవి. ఇట్టి ఏర్పాటు లేవియు లేని అడవికొండ మీదికి ఇటువంటి గుంపునే తీసికొనిపోవలసి వచ్చినప్పుడు, ఆ మెట్లును, ఆ కప్పును, ఆ కుళాయియు చేయు పని యంతటిని ఒక మనుష్యుడు తన బుద్ధిచేత చేయవలసియుండును. ఆ మనుష్యుని పనిని గురించి ఈ పూట మీతో కొంత ముచ్చటింపదలచితిని.

కొండ లెక్కుట రెండు తెరగులు. మొదటి తెరగునకు మనవారిలోనే ఉజ్జ్వలమైన నిదర్శన మున్నది. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమున పుట్టిన మాలావత్ పూర్ణయు, ఖమ్మము జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనందకుమారును, ప్రభుత్వ సాంఘిక సంక్షేమ గురుకులములలో చదువుకొనుచున్న పిల్లలు, 2014 మే 25వ తేదీన ఎవరెస్టు శిఖరము నెక్కిరి. పూర్ణకు అప్పటికి 14 ఏండ్లు నిండలేదు. భువనగిరి ఏకశిల మీద మొదలైన వారి అభ్యాసము డార్జిలింగునందలి హిమాలయ పర్వతారోహణ సంస్థలో పదును దేరినది. ఎందరో పిల్లలలో నుండి కొందరిని, ఆ కొందరిలో నుండి ఇద్దరిని వడగట్టి పంపిరి. ఎనిమిది వేల మీటర్ల ఎత్తున ఊపిరి నిలుపుకొనవలసిన పనికి ఆ వడపోత తప్పదు; దానిని తప్పుపట్టుటకు వీలులేదు. ఆ బిడ్డల విజయమును తలచుకొన్నప్పు డెల్ల నా హృదయ ముప్పొంగుచుండును.

రెండవ తెరగున వడపోత యుండదు. వచ్చెద నన్నవానిని వలదనకుండ, వానికి తగిన కొండను, తగిన దారిని, తగిన కాలమును, తగిన తోడును వెదకి పెట్టుటయే అందలి పని. ఇది దయాధర్మమని పలువురు తలంతురు. అందుచేతనే కాబోలు, నేర్చుకొనవలసిన దేమియు లేనట్లు, మంచి మనస్సున్న చాలునన్నట్లు గుంపుల వెంటబెట్టుకొని బయలుదేరుదురు. నేనట్లు తలపను. అందరిని కొండ కెక్కించుట ఒక విద్య. వడ్రంగము వలె దానికి పనిముట్లును, కొలతలును, చేతివాటమును కలవు. అది నేర్చినవాడు ఎవ్వరినీ ఇంటియొద్ద విడిచిపోనక్కరలేదు. నేరనివానికి ఎంత కరుణ యున్నను, ఆ కరుణయే ఒక్కొక్కప్పుడు ప్రమాదమునకు కారణమగును.

కొలతలతో మొదలుపెట్టుదము. 1892వ సంవత్సరమున విలియం నేస్మిత్ అను స్కాట్లండు దేశపు పర్వతారోహకుడు నడక కాలమును లెక్కగట్టుట కొక సూత్రము చెప్పెను. నేటి కొలతలలో చెప్పవలెనన్న, చదునునేల మీద గంటకు 5 కిలోమీటర్లు, ఆపైన ఎక్కవలసిన ప్రతి 600 మీటర్ల ఎత్తునకు మరియొక గంట. దీనిని అలిపిరి త్రోవకు వర్తింపజేసి చూడుడు. తొమ్మిది కిలోమీటర్లకు గంట ముప్పావుకు కొంచె మెక్కువ. తిరుపతి నుండి తిరుమలకు ఎక్కవలసిన ఎత్తు సుమారు 700 మీటర్లు గనుక దానికి గంటపైన కొంత. వెరసి మూడు గంటలు. నూట ముప్పది యేండ్ల క్రిందటి ఆ స్కాట్లండువాని లెక్క మన శేషాచలము మీద ఇంచుమించు సరిపోవుట నాకు ఎప్పుడును ఆశ్చర్యము గొలుపుచుండును. అయితే ఆ లెక్క ఆరోగ్యవంతుడు ఆగకుండ నడచిన నడకకు మాత్రమే వర్తించును. పసివారును, వృద్ధులును, కాళ్ళు సరిగా లేనివారును గల గుంపునకు నేను దానిని రెట్టింపు చేసి, భోజనమునకు వేరుగా ఒక గంట చేర్చి, అట్లు వచ్చిన మొత్తము ప్రొద్దు క్రుంకుటకు రెండు గంటల ముందే ముగియునట్లు చూచుకొందును. అట్లు ముగియనిచో మార్చవలసినది కొండను, మనుష్యులను కాదు.

ఇక గుంపు నడక. మీ రెప్పుడైన పదిమందితో కలిసి కొండకు పోయినచో ఈ సంగతి గమనించియే యుందురు. చురుకైనవారు ముందు సాగిపోయి ఒక చెట్టునీడన కూర్చుందురు, నీళ్ళు త్రాగుదురు, వేరుసెనగకాయ లొలుచుకొందురు, నవ్వుకొందురు. పావుగంటకు కడపటి మనిషి రొప్పుచు అక్కడికి చేరును. అతడు చేరగానే "వచ్చేశాడు, పదండి, పదండి" అని అందరును లేతురు. విశ్రాంతి అక్కరలేనివారికి పావుగంట విశ్రాంతి. అది లేనిదే అడుగు వేయలేనివానికి నిమిషమైన లేదు. ఇట్లు నాలుగు మజిలీలు గడచునప్పటికి వాడు సొమ్మసిల్లి పడిపోవును. అప్పుడు అందరును, పాపము, వీనికి కొండ లెక్కు శక్తి లేదందురు. శక్తి లేకపోలేదు, వాని వంతు విశ్రాంతిని తక్కినవారు అపహరించినారు. కనుక నా గుంపులలో విశ్రాంతికాలము కడపటి మనిషి వచ్చి, కూర్చుండి, మూపున నున్న సంచి దింపి, నీరు త్రాగినప్పటి నుండియే లెక్క. ఈ యొక్క నియమము పాటించినచో కొండమీద జరుగు కష్టములలో సగము జరుగవని నా నమ్మకము.

రెండవ నియమము, నెమ్మదిగా నడచువానిని వరుస చివర నుంచరాదు. వరుసలో ముందువాడు అరనిమిషము ఆగినచో వెనుకవాడు రెండు నిమిషములు ఆగును. ముందువాడు కొంచెము త్వరపడినచో వెనుకవాడు పరుగెత్తవలసి వచ్చును. ఆగుటయు పరుగెత్తుటయు రెండును దుర్బలునకు చేటు. అందుచేత వానిని దారి చూపువాని వెనుకనే, రెండవ స్థానమున నడిపింపవలెను. అప్పుడు వాని అడుగే గుంపు అడుగగును. వాడు తన యలసటను కేకవేసి చెప్పనక్కరలేదు, ముందువానికి ఊపిరి వినబడుచునే యుండును. ప్రక్కవానితో మాటలాడుచు నడువగలిగినంత వేగమే సరియైన వేగము. మాట తెగి తెగి వచ్చుచున్నచో వేగము మించినదని గురుతు. వరుస చివర మాత్రము గుంపులోకెల్ల నమ్మకమైనవానిని, నిదానస్థుని, మందుల సంచితో నిలుపవలెను. వానిని దాటి వెనుక ఎవ్వరును మిగులరాదు.

మరి నాయకు డెక్కడ నడువవలెను? ముందే నడువవలెనని చాలమంది యూహ. 1953వ సంవత్సరమున ఎవరెస్టును తొలిసారి జయించిన బృందమునకు నాయకుడు జాన్ హంట్. శిఖరము తొక్కినవారు టెన్సింగును, హిల్లరీయును. హంట్ శిఖరము తొక్కలేదు. తక్కినవారు పైకి పోవుటకు కావలసిన బరువులను, ప్రాణవాయువు సీసాలను తాను స్వయముగా పై శిబిరము దిశగా మోసికొనిపోయి, అక్కడ దించి, క్రిందికి వచ్చెను. ఇంగ్లండులో యువజనుల సాహసాభ్యాసమునకై 1956లో డ్యూక్ ఆఫ్ ఎడింబరో పురస్కార పథకము నేర్పరచినప్పుడు దానికి తొలి నిర్వాహకుడుగ నియమితుడైనది ఈ హంటే. శిఖరమునకు తానే చేరనక్కరలేదని తెలిసినవానికే ఇతరులను నడిపించు అధికారము చెల్లునని నేను భావింతును. అందుచేత నాయకునికి స్థిరమైన చోటు లేదు. ముందు, వెనుక, నడుమ, ఎక్కడ కష్టమున్నదో అక్కడ, వాడు నడువవలెను.

ఇక ఒక నడకను గురించి కొంచెము వివరముగ చెప్పెదను. కొన్నేండ్ల క్రిందట శీతకాలమున ఎగువ అహోబిలము నుండి జ్వాలానరసింహస్వామి సన్నిధికి ఒక గుంపుతో పోయితిమి. నల్లమల లోని ఆ దారి ఎరిగినవా రెరుగుదురు. భవనాశి ఏటి ప్రక్కనే, ఒకచో మెట్లు, ఒకచో వంతెనలు, ఒకచో ఏటిలోని గుండ్లే దారియగును. మా గుంపులో పుట్టుకతో చూపులేని యువకు డొకడుండెను, డిగ్రీ చదువుచుండెడివాడు. చిన్ననాడు పోలియో సోకి కాలికి ఇనుపపట్టీలు ధరించు ఉపాధ్యాయిని యొకతె యుండెను. మధుమేహముగల పెద్దలు, వినికిడి లేని బాలిక, ఆమె తల్లిదండ్రులు, తక్కుంగల సామాన్యులు. దారి చూపుటకు ఒక చెంచు పెద్దాయన మా వెంట వచ్చెను.

చూపులేనివారిని నడిపించుటకు ఒక పద్ధతి కలదు. వారి చేయి మనము పట్టుకొని లాగరాదు. మన మోచేతి పైభాగమును వారిని పట్టుకొననిచ్చి మనము అర అడుగు ముందు నడువవలెను. మన శరీరము ఎక్కినప్పుడు వారికి ఎక్కుడు తెలియును, దిగినప్పుడు దిగుడు తెలియును. దారి సన్నగిల్లినచోట ఇద్దరును ఒక కర్రను ముందు వెనుకలుగ పట్టుకొందురు. ఇవి నేను నేర్చుకొని పోయినవి. కాని ఏటిలో గుండు నుండి గుండునకు దాటవలసిన చోట మోచేయియు పనికి రాలేదు, కర్రయు పనికి రాలేదు. ఇద్దరు నిలుచుటకు ఆ గుండ్ల మీద చోటు లేదు. ఎట్లు చేయుదుమా యని నేను తడబడుచుండగా, చెంచు పెద్దాయన ఎవ్వరు చెప్పకుండనే పంచె బిగించి ఏటిలోనికి దిగి, మోకాలిలోతు నీటిలో నిలిచి, తన చేతిలోని వెదురుకర్రతో ముందున్న గుండు నడినెత్తిన రెండు దెబ్బలు కొట్టెను.

"ఇంగో, ఈడ పెట్టు నాయనా కాలు. ఇన్పడిందా?"

"ఇంకోసారి కొట్టు పెద్దాయనా" అని యువకుడు చెవి అటు త్రిప్పెను.

మరల రెండు దెబ్బలు. యువకుని కాలు సరిగా ఆ దెబ్బ పడినచోటనే దిగెను. తరువాతి గుండు, తరువాతి గుండు. గుల్లగా నున్న గుండు ఒక విధముగను, నేలలో పాతుకొన్న గుండు ఒక విధముగను పలుకునని, కదలు రాతిని కాలు పెట్టకముందే తాను కనిపెట్టితినని ఆవలి గట్టున ఆ యువకుడు చెప్పగా మేమందరము విస్తుపోయి వింటిమి. అమెరికా దేశస్థుడగు ఎరిక్ వైహెన్‌మేయర్ అను అంధుడు 2001 మే 25వ తేదీన ఎవరెస్టు నెక్కినప్పుడు, అతనికి ముందు నడచువారు చిన్న గంట కట్టుకొని, ఆ మ్రోత జాడను అతడు పోవునట్లు చేసిరి. ప్రపంచమున మిన్నయైన పర్వతారోహకులు ఆలోచించి కట్టుకొన్న గంటయు, నల్లమలలో నా చెంచు పెద్దాయన వెదురుకర్రయు ఒక్క విద్యయే. ఆయన ఏ శిక్షణాలయమునను చదివినవాడు కాడు. ఎదుటివానికి ఏమి కలదో, దానిని చూచెను. చూపు లేదను విషయమునే తలచుకొనుచు మేము నిలుచుండగా, చెవి కలదను విషయమును ఆయన పట్టుకొనెను.

జ్వాలానరసింహుని గుహపై నుండి జలధార పడుచుండును. ఆ ధార మాకు కనబడుటకు ఎంతో ముందే యువకుడు ఆగి, ఎదుట ఎత్తైన రాతిగోడ యున్నదని, దాని మీదుగా నీరు పడుచున్నదని, కుడివైపు లోయ తెరచికొన్నదని చెప్పెను. ఆ రోజు దారిలో మాకు ఏ మలుపున ఏమున్నదో చెప్పినవాడు అతడే.

ఉపాధ్యాయిని సంగతి వేరు. ఎక్కునప్పుడు ఆమెకు కష్టము లేకపోయెను, దిగునప్పుడు వచ్చెను. కొండ దిగుట సులువని లోకుల భ్రమ. దిగునప్పుడు దేహభార మంతయు ముందుకు వ్రాలి మోకాళ్ళ మీద పడును. తొడకండరము బిగబట్టి ఆ భారము నాపలేనివారికి ఒక్కొక్క మెట్టు ఒక్కొక్క గండము. రెండు చేతులకు రెండు ఊతకర్రలు, పట్టీల క్రింద చర్మము ఒరయకుండ మెత్తని గుడ్డ, మెట్టు మెట్టునకు ముందు నిలిచి వెనుకకు నడచు తోడు, ఇవి యుండవలెను. ఆమె కోరిన దొక్కటే: "నన్ను ఎత్తుకోవద్దండీ. నేను కూర్చుని దిగుతాను. చూసేవాళ్ళకు బాగుండకపోతే అటు తిరగమనండి." కొన్ని మెట్లు ఆమె నిజముగనే కూర్చుండియే దిగినది. ఆలస్యమైనది, అయిన నేమి? ఆ యాలస్యము మేము ప్రొద్దుననే లెక్కలో వేసికొన్నదే.

సహాయ మెంత చేయవలెనో పొందువారే చెప్పవలెనని నే ననుటకు ఇదియే కారణము. దీనికి సంబంధించి ఒక పెద్ద వాదము హిమాలయములలోనే జరిగినది. సబ్రియే టెన్‌బెర్కెన్ అను జర్మను మహిళ తాను అంధురాలయ్యు టిబెట్టు భాషకు బ్రెయిలీ లిపి సమకూర్చి, 1998లో లాసా నగరమున అంధబాలల కొక పాఠశాల నెలకొల్పినది. తరువాత మన తిరువనంతపురమున సంఘసేవకులకు శిక్షణ యిచ్చు కాంతారి అను సంస్థను స్థాపించినదియు ఈమెయే. ఆమె పాఠశాల పిల్లలు ఆరుగురు 2004లో ఎరిక్ వైహెన్‌మేయర్ బృందముతో కలిసి, ఎవరెస్టునకు ఈశాన్యముననున్న 7,045 మీటర్ల లాక్పా రీ శిఖరమునకు బయలుదేరిరి. ఎత్తు పెరిగిన కొలది కొందరికి అస్వస్థత కలిగెను. శక్తిగల ముగ్గురినైన శిఖరము చేర్పవలెనని పర్వతారోహకులలో కొందరు. అందరును కలిసి వచ్చిరి గనుక అందరును కలిసియే తిరుగవలెనని సబ్రియే. చివరకు ఆరున్నర వేల మీటర్ల ప్రాంతమున వారు తిరిగివచ్చిరి. శిఖరము దక్కలేదు.

ఈ వివాదమున నా మనస్సు సబ్రియే పక్షమే. కాని ఒక్క మాట. శిఖర మక్కరలేదని బలవంతుడు బలహీనుని తరఫున తీర్పు చెప్పుటయు ఒకవిధమైన పెత్తనమే. వానికిని శిఖరము మీద ఆశ యుండవచ్చును. అందుచేత బయలుదేరుటకు ముందే, చదునునేల మీద, కడుపునిండ తిని తీరికగ కూర్చున్నప్పుడు, అందరము కలిసి తిరుగుదుమా, లేక శక్తిగలవారు ముందు పోవుటకు తక్కినవా రొప్పుకొందురా యని నడచువారినే అడిగి నిర్ణయించుకొనవలెను. అలసిన తరువాత అడిగిన ప్రశ్నకు నిజమైన సమాధానము రాదు.

అడుగవలసినవి మరికొన్ని కలవు. అవి నలుగురిలో అడుగవలసినవి కావు. గుండెజబ్బు కలదా, నాలుక క్రింద నుంచుకొను మాత్రలు వెంట నున్నవా, ఉబ్బసపు మందు ఏ సంచిలో నున్నది, మధుమేహమునకు ఉదయము మందు పుచ్చుకొన్నావా, పుచ్చుకొన్నచో తిన్నావా. మధుమేహముగలవాడు నడకలో ఉన్నట్టుండి చెమట పట్టి, చేతులు వణకి, చిరాకు పడి, అర్థములేని మాట లాడినచో అది అలసట కాదు, కోపము కాదు. రక్తమున చక్కెర తగ్గినది. తెలివి కలిగి మ్రింగగలిగినచో వెంటనే గ్లూకోజో, పంచదార నీళ్ళో త్రాగింపవలెను. వినికిడి లేనివారితో మాటలాడునప్పుడు మొగము వారివైపు త్రిప్పి, ఎండ మన ముఖము మీద పడునట్లు నిలువవలెను. ఆగుము, రమ్ము, ప్రమాదము అను వానికి సైగలు ముందే నిశ్చయించుకొనవలెను.

ఒక విషయమును మాత్రము మగవారు నడిపించు గుంపులలో ఎవ్వరును ఎత్తరు, నేడు ఎత్తకతప్పదు. ఆడువారు కొండదారిలో నీరు త్రాగరు. దప్పిలేక కాదు, మరుగు చోటు లేక. తెల్లవారుజామున బయలుదేరినది మొదలు సాయంకాలము వరకు నాలుక తడుపుకొని సరిపెట్టుకొందురు. మన కొండలలో హిమపాతము లేదు, మంచుబిలములు లేవు. ఎండయే మనకు మృత్యువు. మాఘము దాటినంతనే బండలు కాలును. ఎండలో నడచువారికి గంటకు అరలీటరు నీరైన కావలెను. ఉప్పు వేసిన మజ్జిగయో, ఓఆర్‌ఎస్ నీళ్ళో వెంట నుండవలెను. అట్టిచో సగము గుంపు ఎండిన గొంతుతో నడచుచున్నదని నాయకునికి తెలియకపోవుట క్షమింపరాని దోషము. నాలుగు కర్రలు, రెండు దుప్పట్లు, ఒక చిన్న పార యున్నచో మరుగు చోటు ఎక్కడనైన నిలుచును. దారిలో ఫలానా మూడు చోట్ల ఆ యేర్పాటు కలదని బయలుదేరుటకు ముందే ఒక స్త్రీ చేత స్త్రీలకు చెప్పింపవలెను. ఇంత చిన్న పనికి ఎందరి ముఖములు తేటపడునో చేసి చూచినవారికే తెలియును.

నడువనే లేనివారి మాట యేమి? వారికిని దారి కలదు. ఫ్రాన్సు దేశమున జోయెల్ క్లోడెల్ అను పర్వతమార్గదర్శి, కండరములు క్షీణించు వ్యాధికి లోనైన తన సోదరసంతానమగు బాలుని కొండలకు తీసికొనిపోవుటకై 1987లో ఒంటిచక్రపు కుర్చీబండి నొకదానిని నిర్మించెను. ముందొకరు, వెనుకొకరు పట్టి నడిపించు ఆ బండి, జోయెలెట్ అను పేర, నేడు అనేకదేశముల పర్వతమార్గములందు తిరుగుచున్నది. మనకు అనాదిగా డోలీ కలదు. అహోబిలములో నేటికిని డోలీమీద వృద్ధులను మోసికొనిపోవువా రున్నారు. మోయుటయు ఒక విద్యయే. మోయువారు అడుగుతో అడుగు కలుపరాదు, కలిపినచో డోలీ ఊగును; ఎక్కునప్పుడు తల ముందును, దిగునప్పుడు కాళ్ళు ముందును ఉండవలెను; భుజము మార్చుకొనుటకు వంతువారు సిద్ధముగ నుండవలెను. డోలీ మాట వచ్చినది గనుక మరియొక మాట చెప్పక విడువలేను. మన్యపు గూడెములలో డోలీ యాత్రాసాధనము కాదు. రోడ్డు లేనందున పురిటినొప్పులు పడుచున్న స్త్రీని ఆసుపత్రికి చేర్చు ఏకైక మార్గము. కొండ మనకు వినోదము, వారికి నిత్యజీవితము. అట్టి గూడెముల మీదుగ పోవు గుంపులు వారి నీటిని, వారి దారిని, వారి మర్యాదను గౌరవించి పోవలెను. మోసినవారికి బేరమాడక కూలి యియ్యవలెను.

హిమాలయ యాత్రకు పోవు మన తెలుగువారు ఏటేట పెరుగుచున్నారు గనుక ఎత్తును గురించి రెండు మాటలు. రెండున్నర వేల మీటర్లు దాటిన తరువాత గాలి పలుచనై, తలనొప్పి, వాంతి, నిద్రలేమి ఎవరికైన రావచ్చును. యువకుడని, వ్యాయామ మెరిగినవాడని అది విడువదు. మూడు వేల మీటర్ల పైన రాత్రి పండుకొను చోటును దినమునకు 500 మీటర్లకు మించి పెంచరాదని వైద్యుల నియమము. కేదారమునకు నడక మొదలగు గౌరీకుండము ఇంచుమించు రెండు వేల మీటర్ల ఎత్తుననున్నది. కేదారము మూడున్నర వేల మీటర్లకు పైన నున్నది. ఆ యెత్తు నంతటిని ఒక్క దినమున ఎక్కి, ఆ రాత్రి అక్కడనే పండుకొనువారే ఎక్కువ. క్రింద ఒకటి రెండు రాత్రులు గడపి, దేహమును అలవాటు పరచి, తలనొప్పి తగ్గనివానిని పైకి కాక క్రిందికి నడిపించుట నాయకుని విధి. దిగుటయే దానికి మందు.

తిరుగు వేళను ముందే నిశ్చయింపవలెను. 1996 మే నెలలో ఎవరెస్టు మీద నిశ్చయించుకొన్న వేళ మించిన తరువాత కూడ పలువురు శిఖరము వైపు సాగిరి. తుపాను వచ్చినది; 8 మంది మరణించిరి; వారిలో అనుభవజ్ఞులగు బృందనాయకు లిరువురు, రాబ్ హాల్, స్కాట్ ఫిషర్, ఉండిరి. మన చిన్నకొండలకును ఇదే వర్తించును. పైకొండలలో వాన పడినచో క్రింద ఎండ కాయుచుండగనే వాగు పొంగును. చీకటి పడినచో చిరుత తిరుగును. 2023లో తిరుమల నడకదారిలో ఒక పసిబిడ్డను చిరుత బలిగొన్న తరువాత దేవస్థానమువారు పిల్లలను తీసికొనిపోవు వేళలకు నియమములు చేసి, గుంపులుగ నడువుమని యాత్రికులను హెచ్చరించిరి. అంత మనుష్యసంచారముగల దారిలోనే అట్లు జరిగినప్పుడు, నిర్జనారణ్యమున పసివారిని వెంటబెట్టుకొని ప్రొద్దు క్రుంకువరకు నిలుచుట సాహస మనిపించుకొనదు.

కార్తికమాసమున ఊరూర సంఘములవారు, ఉద్యోగులు, పాఠశాలలవారు వనభోజనములకు కొండలకు బయలుదేరుదురు. వారికి నాదొక మనవి. రాగలవారి జాబితా వ్రాయుటకు కూర్చున్నప్పుడు, మీ వీధిలో, మీ కార్యాలయములో, మీ ఇంటిలో, అతడు రాలేడులే, ఆమె ఎక్కలేదులే యని మీ రింతకాలము అడుగనైన అడుగక విడిచిపెట్టిన వారెవరో వారి పేర్లు మొట్టమొదట వ్రాయుడు. వారి నడకను బట్టి కొండను ఎన్నుకొనుడు. తొలిసారి హార్స్‌లీ కొండ వంటి చోటు మేలు. నాలుగు వేల అడుగులకు పైబడిన ఆ కొండపైకి వాహనము పోవును, అక్కడి నుండి ఎవరికి తగినంత దూరము వారు చెట్లనీడన నడువవచ్చును. ప్రొద్దుననే బయలుదేరుడు, నీరు పుష్కలముగ తీసికొనిపొండు, మరుగు చోట్లు ముందే చూచుకొనుడు, కడపటి మనిషి వచ్చి కూర్చున్న తరువాతనే విశ్రాంతికాలము లెక్కపెట్టుడు. ఈ కార్తికముననే మొదలుపెట్టుడు.